కాక్‌పిట్ కింద రాసిన పేరు

పర్చూరు బస్టాండు దాటి చీరాల రోడ్డు మీద కాస్త ముందుకెళ్తే ఎరువుల కొట్టు పక్కన, రేకుల షెడ్డులో ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. దాని యజమాని యలమందయ్య. ఊరంతటికీ యలమంద.

కంప్యూటర్ కొనకముందు అతను గోడలు రాసేవాడు. పత్తి విత్తనాల పేర్లు, పురుగుమందుల పేర్లు, ఎన్నికలొస్తే పార్టీల గుర్తులు. అక్షరం కంటే బొమ్మ మీద ప్రాణం ఎక్కువ. ఒకసారి మందుల కొట్టు గోడ మీద పత్తికాయను తొలుస్తున్న పచ్చపురుగును వేస్తే, అప్పు అడగడానికి వచ్చిన ముసలి రైతొకడు చెప్పు తీసి దాన్ని కొట్టబోయాడు. ఆ సంగతి యలమంద కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. తను వేసింది చూసి జనం నిజమనుకోవాలి. అంతకు మించి అతనికి ఇంకో కోరిక ఉండేది కాదు.

తొంభై తొమ్మిదిలో చీరాల వెళ్లి కంప్యూటర్ నేర్చుకున్నాడు. గోడల పని తగ్గిపోతోందని భయపడి వెళ్లాడుగానీ, అక్కడ ఏదో పత్రికతో వచ్చిన సీడీలో పాత యుద్ధ విమానాల ఫొటోలు చూశాక అతని బుర్ర అటు తిరిగిపోయింది. ఇన్నేళ్లు బ్రష్షు పట్టుకున్నా ఎండలో మెరిసే రేకును అతను సరిగ్గా వేయలేకపోయాడు. రేకు మెరుస్తుంది, కానీ అన్నిచోట్లా ఒకేలా మెరవదు. చెయ్యి తగిలినచోట మాసి ఉంటుంది, వాన కారినచోట చారలుంటాయి. అవన్నీ కంప్యూటర్‌లో ఒక పొర మీద ఇంకో పొరగా వేసుకుంటూ పోవచ్చని తెలిసింది. పెళ్లి కార్డులు, కరపత్రాల పని అయిపోగానే విమానం తెరిచేవాడు. రేకుకీ రేకుకీ మధ్య గీత, గీత పొడవునా రేకుల్ని కలిపి బిగించే రివెట్లు, ఇంజను వెనక పొగచూరిన నలుపు, చక్రాలకి అంటిన ఎర్రమట్టి. మధ్యలో కరెంటు పోతే చేసిందంతా పోయేది. తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు.

పూర్తయిన బొమ్మల్ని గుంటూరులో కలర్ ల్యాబ్‌లో ప్రింటు తీయించి షాపులో తగిలించాడు. జిరాక్సు కోసం వచ్చినవాళ్లు వాటిని చూసి, "ఈ ఫొటోలు ఎక్కడ తీశావయ్యా?" అని అడిగేవాళ్లు. యలమంద వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. కాసేపు వాళ్లని అలా అనుకోనిచ్చి, ఆ తర్వాత చెప్పేవాడు. ఒక్కోసారి అసలు చెప్పేవాడే కాదు.

రెండువేల నాలుగు డిసెంబరులో ఫిలిప్ వచ్చాడు. ఇద్దరూ హైస్కూల్లో ఒకే బెంచీ. ఫిలిప్ ఇప్పుడు ఒంగోలు దగ్గర సర్కారు బడిలో లెక్కల మాస్టారు.

"ఒరేయ్ యలమందా, క్రిస్మస్ రోజు చర్చిలో మా నాన్నకి సన్మానం చేస్తున్నాం. ఆయన పనిచేసిన విమానం బొమ్మ ఒకటి కావాలి. పెద్దది. అద్దం ఫ్రేము కట్టించి ఇస్తాను."

ఫిలిప్ తండ్రి క్రీస్తుదాసు. ఆ చుట్టుపక్కల పల్లెల్లోంచి ఎయిర్‌ఫోర్సుకి వెళ్లిన మొదటి మనిషి. పాకిస్తాన్‌తో అరవై అయిదు యుద్ధం నాటికి అందులో ఉన్నాడు. పదిహేనేళ్లు చేసి వచ్చేసి, ఆ తర్వాత పత్తి జిన్నింగ్ మిల్లులో యంత్రాలు బాగుచేస్తూ రిటైరయ్యాడు. ఇవన్నీ యలమందకి తెలుసు. కానీ విమానం విషయంలో అతను వినికిడి మాట మీద గీసేవాడు కాదు. మర్నాడే ఊరి చివర పల్లెలోకి వెళ్లాడు.

చర్చి వెనక పెంకుటింటి అరుగు మీద క్రీస్తుదాసు ఎవరిదో మందు కొట్టే స్ప్రేయరు విప్పుకుని కూర్చుని ఉన్నాడు. సంగతి విని చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"న్యాట్ అంటారబ్బాయ్ దాన్ని. ఇంగ్లీషులో దోమ లాంటి పురుగు. పేరుకి తగ్గట్టే చిన్నది. పక్కన నిలబడితే రెక్క నా భుజం దాకా వచ్చేది. రెక్క కిందికి దూరి పనిచెయ్యాలంటే పొట్టివాణ్ణి కాబట్టి నన్నే పిలిచేవాళ్లు."

"నువ్వు తోలావా బాబాయ్?"

ఆయన పెద్దగా నవ్వాడు. "నేను తోలడమేంది! నేను ఫిట్టర్ని. చక్రాలు, రేకులు, రెక్కల కీళ్లు, అవీ నా పని. పైలట్ వచ్చి కూర్చుంటే పట్టీలు బిగించేవాణ్ణి. ప్రమాదం వస్తే సీటు పైలట్‌తో సహా పైకి ఎగిరిపోతుంది, అది ఊరికే పేలకుండా పిన్నులుంటాయి. అవి పీకి, పైలట్‌కి చూపించి, నిచ్చెన తీసేసి పక్కకి వచ్చేవాణ్ణి."

చిన్నతనంగా చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. నిన్న ఏం కూర తిన్నాడో చెప్పినట్టు చెప్పాడు. ఆయన భార్య రెబ్కా టీ తెచ్చి ఇచ్చి, "ఆ దోమ కథ మొదలుపెట్టాడా? నువ్వు పొద్దుగూకినా కదల్లేవు" అంది.

యలమంద ఆ వారమంతా విమానం మీదే కూర్చున్నాడు. సగం అయ్యాక ఫిలిప్ వచ్చి చూసి, మానిటర్ ముందు చాలాసేపు నిలబడిపోయాడు.

"లోపల నాన్నని కూర్చోబెట్టరా" అన్నాడు.

"మీ నాన్న తోలలేదుగా. ఆయనే చెప్పాడు."

"తెలుసు. సీటు బాగుచేసేటప్పుడు కూర్చున్నాడుగా? అబద్ధమేముంది?" ఫిలిప్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "బళ్లో నన్ను ఏమని పిలిచేవాళ్లో నీకు గుర్తులేదూ? వెంకయ్య చేలో మా అమ్మ మిరపకాయలు కోస్తుంటే ఆయన కొడుకు నా పక్కన కూర్చోనన్నాడు. ఆ రోజు చెప్పాను, మా నాన్న విమానం తోలేవాడని. ఆ ఒక్క మాట పట్టుకుని పదో తరగతి గట్టెక్కాను. ఒక్కసారి కూర్చోబెట్టు. బొమ్మేగా."

యలమందకి గుర్తుంది. తను ఆ రోజు నోరు తెరవకుండా కూర్చున్న సంగతి కూడా గుర్తుంది. ఒప్పుకోవడానికి అదొక కారణం. కానీ రెండో కారణం అతను ఎవరికీ చెప్పలేదు. ఫిలిప్ మాట్లాడుతుండగానే, దాన్ని పాత ఫొటోలా చేస్తే ఎలా ఉంటుందో కళ్ల ముందు కనపడింది. రంగు వెలిసి, అంచులు పసుపెక్కి, అరవై అయిదులో ఎవరో నిజంగా తీసినట్టు. అది అనుకున్నాక చేతులు ఆగలేదు.

క్రీస్తుదాసు పడుచు వయసులో స్టూడియోలో తీయించుకున్న ఫొటోలోంచి మొహం తీసుకున్నాడు. దానికి హెల్మెట్ పెట్టాడు, మొహం సగానికి నీడ వేశాడు. పైలట్ కూర్చునే కాక్‌పిట్ కింద రేకు మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాశాడు. పేరుకి ముందు ఫ్లయింగ్ ఆఫీసర్ అని ఫిలిప్ రాయమన్నాడు, రాశాడు. అక్షరాలు కొత్తగా కనపడితే నమ్మరని వాటిని గీకి, ఒక అక్షరం తోకని పెచ్చు ఊడినట్టు చేసి, దాని మీదుగా సన్నటి నూనె చార కార్చాడు. అంత శ్రద్ధగా అతను అంతకుముందు ఏదీ చేయలేదు.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక ఫ్రేము మీద గుడ్డ తీశారు. జనం ఒక్కసారిగా "అబ్బా!" అన్నారు. పాస్టరుగారికి ఎవరూ ఏమీ చెప్పలేదు, బొమ్మ చూసి ఆయనే మైకులో, "మన మధ్య ఇన్నాళ్లూ ఒక పైలట్ ఉన్నాడని మనకి తెలియలేదు" అన్నాడు. చప్పట్లు. మెడలో దండ. క్రీస్తుదాసు దండ సర్దుకుంటూ బొమ్మకి దగ్గరగా వెళ్లి చూశాడు. వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. చప్పట్లు ఇంకా ఆగలేదు. ముందు వరసలో కొడుకు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయన నోరు మూసుకుని కూర్చున్నాడు.

భోజనాల దగ్గర యలమంద చెయ్యి పట్టుకుని, "రివెట్లు కూడా వేశావే అబ్బాయ్" అన్నాడు. యలమంద విస్తరి మడిచి లేచాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు.

తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. ఆ బొమ్మ చూడ్డానికి ఊళ్లోంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. ఆసామి వెంకయ్య, ఆ పల్లె గడప తొక్కని మనిషి, మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అంతకుముందు ఆయన నోట "ఏరా దాసూ" తప్ప ఇంకో పిలుపు రాలేదు. ఆ రోజు "దాసుగారూ, మావాడికి కాస్త చెప్పండి" అన్నాడు. ఊరి సెంటర్లో టీ కొట్టు బెంచీ మీద క్రీస్తుదాసుకి చోటిచ్చి పక్కకి జరిగేవాళ్లు. "పైలట్‌గారికి ఒక టీ" అని కేక వేసేవాళ్లు.

మొదట్లో ఆయన నవ్వి ఊరుకునేవాడు. తర్వాత "మేం వెళ్లినప్పుడు" అనేవాడు. ఏడాది తిరిగేసరికి "నేను పైకి లేచినప్పుడు" అనడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం రెబ్కా పెన్షన్ కాగితాల జిరాక్సుకని షాపుకి వచ్చింది. కాగితాలు తీసుకున్నాక కూడా కదల్లేదు.

"నిన్న టీ కొట్టు దగ్గర శత్రువు విమానాన్ని కూల్చానని చెప్పాడంట" అంది.

యలమంద తల వంచుకుని మెషిన్ మూత తుడుస్తున్నాడు.

"నలభై ఏళ్లు కాపురం చేశానయ్యా. తాగాడు, కోప్పడ్డాడు, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాడు. అబద్ధం ఆడటం మాత్రం ఎరగను. ఇప్పుడు ఇంట్లో నాతో కూడా అట్లాగే మాట్లాడుతున్నాడు. రోజూ పొద్దున్నే ఆ బొమ్మ ముందు నిలబడి చూసుకుంటాడు. నీకేం పాపం చేశాం మేము?"

"నేనొచ్చి మాట్లాడతాను పిన్నీ."

"మాట్లాడు" అని వెళ్లిపోయింది.

యలమంద వెళ్లలేదు. రేపు వెళ్దాం అనుకున్నాడు. మిరపకాయల సీజను, ఫ్లెక్సీల ఆర్డర్లు అని తనకి తనే చెప్పుకున్నాడు. అసలు సంగతి, ఆ బొమ్మ వల్లే అతనికి పేరొచ్చింది. చీరాల నుంచి, చిలకలూరిపేట నుంచి కూడా వచ్చి, పోయిన తాతల్నీ తండ్రుల్నీ కొత్తగా ఫొటోల్లో పెట్టమని అడుగుతున్నారు. పల్లె వైపు వెళ్లాల్సి వస్తే చర్చి రోడ్డు మానేసి డొంక దారిన వెళ్లేవాడు.

రెండువేల ఏడు రిపబ్లిక్ డే నాడు హైస్కూలు వాళ్లు ఒక ఎయిర్‌ఫోర్స్ వింగ్ కమాండర్‌ని పిలిచారు. ఆయనది ఇటువైపు ఊరే, సెలవు మీద వచ్చాడు. ఊరి పైలట్‌ని కూడా స్టేజీ మీద కూర్చోబెట్టాలని హెడ్మాస్టరు ముచ్చటపడి, క్రీస్తుదాసు ఇంటినుంచి బొమ్మ తెప్పించి స్టేజీ మీద కుర్చీలో నిలబెట్టించాడు. యలమంద జనంలో రెండో వరసలో ఉన్నాడు. రాకూడదనుకుని వచ్చాడు.

వింగ్ కమాండర్ యూనిఫాంలో మెట్లెక్కుతుండగా క్రీస్తుదాసు కుర్చీలోంచి లేచాడు. అరవై ఏడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులున్న మనిషి, కర్రలా నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. "జైహింద్ సార్!"

వింగ్ కమాండర్ బదులు సెల్యూట్ చేసి, చెయ్యి కలిపి, పక్కనున్న బొమ్మ వైపు వంగాడు. పేరు చదివాడు. మళ్లీ ముసలాయన నిలబడ్డ తీరు చూశాడు. ఆయన ఇంకా అటెన్షన్‌లోనే ఉన్నాడు. ఆఫీసరు గొంతు తగ్గించి, ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండా, అలవాటు కొద్దీ అడిగాడు. "మీ ట్రేడ్ ఏమిటండీ?"

ఆ ప్రశ్న పైలట్లని అడగరు. ఏ పని చేసేవాళ్లో తెలుసుకోడానికి టెక్నీషియన్లని అడుగుతారు.

"ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ సార్! కార్పొరల్ క్రీస్తుదాసు సార్!"

ముప్పై ఏళ్ల కిందటి జవాబు దానంతటదే వచ్చేసింది. ముందున్న మైకు ఆన్‌లో ఉంది. గ్రౌండంతా వినపడింది.

చాలామందికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్లు పక్కవాళ్లకి చెప్పారు. ఆ గుసగుస వెనక వరసల దాకా వెళ్తుండగా వెంకయ్య గొంతు పైకి లేచింది. "ఫిట్టరా? అంటే బోల్టులు బిగించేవాడా?" ఎవరో నవ్వారు. ఆ నవ్వు విని పిల్లలు కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వారు.

వింగ్ కమాండర్‌కి తను చేసిన పని తెలిసింది. మైకు అందుకుని ఫిట్టర్ లేకపోతే విమానమే లేవదని, తాము ప్రాణాలు వాళ్ల చేతుల్లో పెట్టి పైకి వెళ్తామని చెప్పాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. క్రీస్తుదాసు ఆ చప్పట్లకి తల ఎత్తలేదు. చేతులు ప్యాంటు కుట్టుకి ఆనించి అలాగే నిలబడి ఉన్నాడు, కూర్చోమని ఎవరూ చెప్పలేదన్నట్టు.

దిగివెళ్లేముందు ఆఫీసరు బొమ్మని ఇంకోసారి చూసి, ఎవరు వేశారని అడిగాడు. హెడ్మాస్టరు యలమందని పిలిచి ముందుకు తోశాడు.

"చాలా బాగుంది. నేను నిజం ఫొటో అనుకున్నాను" అన్నాడు వింగ్ కమాండర్.

అంత పెద్ద మనిషి నోటి నుంచి ఆ మాట. యలమంద చెవులు వేడెక్కిపోయాయి. కాళ్ల కింద నేల చూస్తూ నిలబడ్డాడు. తల ఎత్తితే స్టేజీ మీద ముసలాయన కనపడతాడని భయం.

ఆ తర్వాత క్రీస్తుదాసు టీ కొట్టు సెంటర్‌కి రావడం మానేశాడు. ఫిలిప్ ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. నాలుగు రోజులకి యలమంద ధైర్యం చేసి పల్లెకి వెళ్లాడు. రెబ్కా గుమ్మంలో కూర్చుని ఎండుమిరపకాయల తొడాలు తీస్తోంది. అతన్ని చూసి పక్కకి జరిగి దారి ఇచ్చింది.

లోపల క్రీస్తుదాసు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. బొమ్మ గోడకి తిప్పి పెట్టి ఉంది.

"తప్పు చేశాను బాబాయ్" అన్నాడు యలమంద. "పేరు తీసేసి మళ్లీ వేస్తాను. రెక్క కింద నువ్వు నిలబడ్డట్టు..."

"ఏమీ వెయ్యొద్దు."

"నువ్వు గీశావు, నిజమే" అన్నాడు ముసలాయన. "ఆ రోజు చర్చిలో నోరు తెరిచాను. చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పలేదు. తర్వాత ఆ కథలన్నీ నువ్వు చెప్పించలేదుగా." మొహం తిప్పుకున్నాడు. "నేను టీ కొట్టు దగ్గర చెప్పిన యుద్ధం ఎవరిదో తెలుసా? ఒక కుర్రాడిది. పంజాబీ పిల్లగాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. పట్టీ బిగిస్తుంటే 'దాస్, గట్టిగా బిగించు, జారిపోతాను' అని నవ్వేవాడు. ఒక పొద్దున నేనే బిగించాను. నేనే పిన్నులు చూపించాను. తిరిగి రాలేదు. సాయంత్రం దాకా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లలో వాడి పేరు రెబ్కాకి కూడా చెప్పలేదు. అట్లాంటిది వాడు అంతకుముందు కూల్చిన విమానాన్ని నేను కూల్చానని గ్లాసు టీకి చెప్పుకున్నాను."

యలమంద ఏడ్చాడు. ముసలాయన ఓదార్చలేదు. "దాన్ని తీసుకుపో" అన్నాడు, గోడ వైపు చూపించి.

ఫ్రేముని గోనెసంచిలో చుట్టి టీవీఎస్ బండి వెనక కట్టుకుని యలమంద షాపుకి తెచ్చాడు. అద్దం విప్పి, ప్రింటు చింపేశాడు. కంప్యూటర్‌లోంచి కూడా తీసేశాడు. పొరలు పొరలుగా వేసుకున్నదంతా ఒక్క నొక్కుతో పోయింది. కానీ టీ కొట్టులో, పక్క ఊళ్లలో, దాన్ని చూసినవాళ్ల మాటల్లో అది పోలేదు. ఇప్పటికీ కారంచేడు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా "మీ ఊళ్లో పైలట్ ఒకాయన ఉండేవాడంటగా" అంటే యలమంద "పైలట్ కాదండీ, ఫిట్టరు" అని చెప్తాడు. వాళ్లకి అది పెద్ద తేడాగా అనిపించదు. అతను మాత్రం ప్రతిసారీ చెప్తాడు.

విమానాలు వేయడం మానలేదు. మానలేకపోయాడు. పోయినవాళ్లని లేని చోట్ల కూర్చోబెట్టే ఆర్డర్లు మాత్రం తీసుకోవడం ఆపేశాడు. కోపం వచ్చి కొందరు చీరాల వెళ్లి చేయించుకున్నారు.

క్రీస్తుదాసు రెండువేల తొమ్మిది వేసవిలో పోయాడు. సమాధి కార్యక్రమానికి ఫ్లెక్సీ కోసం ఫిలిప్ షాపుకి వచ్చాడు. రెండేళ్ల తర్వాత రావడం. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెప్పి, "భారత వైమానిక దళం అని రాయి చాలు" అన్నాడు. ఫిట్టర్ అని రాయమనలేదు. యలమంద కూడా అడగలేదు. అడగాల్సిందేమోనని ఆ తర్వాత చాలా రోజులు అనుకున్నాడు.

ఆ ఏడు క్రిస్మస్ ముందు రెబ్కా వచ్చింది. కొంగులోంచి ఒక చిన్న నలుపు తెలుపు ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. పెట్టె అడుగున దొరికిందట. ముగ్గురు కుర్రాళ్లు నూనె మరకల ఖాకీ బట్టల్లో రెక్క కింద చతికిలబడి ఉన్నారు. మధ్యలో పొట్టిగా ఉన్నవాడు క్రీస్తుదాసు. తేమకి కాగితం ఉబ్బి ఆయన కుడిచెయ్యి, దవడలో కాస్త భాగం పోయాయి.

"పెద్దది చేసి ఇవ్వు. గోడకి పెట్టుకుంటాను."

యలమంద స్కాన్ చేసి తెర మీద పెట్టాడు. "ఈ చెయ్యి పోయింది పిన్నీ. దవడ కూడా. సరిచెయ్యనా?"

రెబ్కా తెర వైపు వంగి చూసింది. "వద్దయ్యా. ఉన్నంతే ఇవ్వు."

అతను ఒక్క చుక్క కూడా తాకలేదు. ప్రింటరు గీరుకుంటూ కాగితాన్ని మెల్లగా బయటికి తోస్తోంది. తనని క్షమించిందా అని ఆమెని ఒక మాట అడగాలని అతనికి చాలా ఉంది. కానీ అడిగే మొహం లేదు. రెబ్కా ఫ్యాను వైపు చూస్తూ, "ఇది అయ్యేలోపు కరెంటు పోదుగదా?" అంది.

"పోదు పిన్నీ. అయిపోవచ్చింది" అన్నాడు.